నేపాళ మాంత్రికుడూ లేపాక్షి వీరభద్రుడూ

సినిమా అందం గురించి రేడియోలో మాట్లాడటం కొంచెం విడ్డూరమే. ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు. అయినా నేను చెప్పబోయే బొమ్మ మీలో చాలామంది కళ్లలో ఎప్పటినుంచో ఉంది కాబట్టి ధైర్యం చేస్తున్నాను. 1951 మార్చి 15న విడుదలైన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. మొనదేలిన గడ్డం, కాటుక దిద్దిన కళ్లు, కాళ్లదాకా జీరాడే అంగీ, ఒక్కో మాటనూ నమిలి వదిలే తీరు. ఆ వేషం కట్టిన ఎస్.వి. రంగారావుకు అప్పటికి 33 ఏళ్లు కూడా నిండలేదు. కథ మనకు తెలుసు. వాడు ఎవరిని బలి ఇవ్వాలనుకుంటాడో తెలుసు, చివరికి ఎలా ఓడిపోతాడో కూడా తెలుసు. అయినా టీవీలో ఆ మొహం కనిపిస్తే చెయ్యి రిమోట్ మీదికి పోదు. తెలియనిదాన్ని చూస్తేనే భయం అంటారు కదా, మరి అంతా తెలిసిపోయాక కూడా మనల్ని పట్టి ఉంచుతున్నది ఏమిటి? ఆ సినిమా తీసినవాళ్లు భయానికి చక్కని రూపం గీశారు, ఆ రూపం బాగుండబట్టే మనం దాన్ని మళ్లీ మళ్లీ చూడగలుగుతున్నాం అని నా వాదన. ఇది సినిమావాళ్లు కొత్తగా కనిపెట్టిన కిటుకు కాదు. ఈ రాయలసీమ కరువు నేలలోనే, లేపాక్షి గుడి పైకప్పు మీద, అంతకు 400 ఏళ్ల ముందే పని చేసి చూపించిన పద్ధతి.

ముందే ఒక అభ్యంతరం వస్తుంది. 'పాతాళ భైరవి' జానపద చిత్రం కదా, దాన్ని భయానక చిత్రాల లెక్కలో ఎలా వేస్తారు అని. అందులో పాటలున్నాయి, ప్రేమ ఉంది, తోటమాలి కొడుకు రాకుమారిని పెళ్లి చేసుకోవడం ఉంది. నిజమే. కానీ తెలుగు సినిమాలో భయం చాలాకాలం సొంత ఇల్లు కట్టుకోలేదు, జానపదం పంచన బతికింది. 1942లో జెమినీ వాళ్ల 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన మాయల మరాఠీ పాత్ర దగ్గర్నుంచి చూస్తే, మన తెరమీద జనాన్ని వణికించినవాళ్లలో మాంత్రికులదే మొదటి వరస. పాడుబడ్డ బంగళా, తెల్లచీర, మంచులో పాట అనే సరంజామా మనకు తర్వాత హిందీ దారిన వచ్చింది. 'వో కౌన్ థీ'ని 1966లో జయలలిత, జగ్గయ్యలతో 'ఆమె ఎవరు?' అని తీశారు కదా, అది ఆ బాపతే. నాట్యశాస్త్రం కూడా భయానకాన్ని విడిగా ఒక కథల తరగతిగా చూడలేదు, ఒక రసంగా చూసింది. దానికి నలుపు రంగు, పక్కనే ఉన్న రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు అని రంగులు కూడా పంచి పెట్టింది. ఒకే నాటకంలో అవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. అందుకని 'పాతాళ భైరవి'ని భయానక చిత్రం అనిపించుకోవాలన్న పట్టుదల నాకు లేదు. అందులో భయానకం ఉంది, చాలా గొప్పగా ఉంది, అంతవరకు చాలు.

ఇక లేపాక్షికి వద్దాం. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, తాబేటి వీపులాంటి బండమీద, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అది. అక్కడ భయానికి సంబంధించినవి రెండు ఉన్నాయి. ఒకటి కథ, రెండోది బొమ్మ. కథ మీరు వినే ఉంటారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని రాజు కళ్లు తీయించమంటే, విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని చెబుతారు. పూర్తికాని కల్యాణమండపం దగ్గర గోడమీద రెండు ఎర్రటి మరకలను చూపిస్తారు. విన్న క్షణం ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత? యాత్రికులు ఆ మరకలను అర నిమిషం చూస్తారు, ఫోటో తీసుకుంటారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడానికి వెళ్లిపోతారు. ఆ భయమంతా కథలోనే ఉంది, మరకలో లేదు. కథ వినేశాక ఇక అక్కడ చూడటానికి మిగిలేదేమీ ఉండదు. గర్భగుడి ముందరి మండపంలో తల పైకెత్తితే కనిపించే వీరభద్రుడి సంగతి వేరు. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న ఆ చిత్రంలో దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసినవాడు కప్పంతా పరుచుకుని ఉంటాడు. గుడి కట్టించిన పెద్దమనుషులు అతని పక్కన పిల్లల్లా కనిపిస్తారు. మెడ నొప్పి పుట్టేదాకా జనం చూస్తారు. కథ ఎవరూ చెప్పనక్కర లేదు.

ఆ బొమ్మను కాస్త నిదానంగా చూస్తే దాని గుట్టు తెలుస్తుంది. రంగులు చాలా తక్కువ. ఎర్రమన్ను, పసుపుమన్ను, సున్నపు తెలుపు, మసినలుపు, కొంచెం ఆకుపచ్చ. నీలం దాదాపు కనిపించదు. వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పే నీడ ఒక్కటీ లేదు. ఒంటికి గుండ్రదనం ఇవ్వాలని చిత్రకారుడు పాకులాడలేదు. చుట్టూ ఒక నల్లని గీత తీశాడు, అది ఎక్కడా వణకదు. ఆ గీత లోపల ఎన్ని చేతులు, ఎన్ని ఆయుధాలు, ఎంత నగానట్రా! అంత కోపాన్ని గీస్తూ కూడా చీర అంచుల, అంగీల మీది అద్దకాల దగ్గర ఓపికగా కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ అద్దకాల నమూనాలను నేతగాళ్లు, డిజైనర్లు వెతుక్కుంటూ వస్తారు. రౌద్రం చిందులు తొక్కుతుంటే గీత మాత్రం నింపాదిగా ఉంది. ఆ రెంటి మధ్య పుట్టే బిగువే మనల్ని కదలనివ్వదు. రౌద్రంతో పాటు గీత కూడా అదుపు తప్పి ఉంటే ఆ బొమ్మ చూసి భయపడేవాళ్లం కాదు, చిరాకు పడేవాళ్లం.

ఇక గుడి కప్పు నుంచి తెరమీదికి వద్దాం. ప్రపంచ సినిమాలో భయానికి మొట్టమొదటి గొప్ప రూపం ఇచ్చిన చిత్రమని చాలామంది చెప్పే 'డాక్టర్ కాలిగరి' 1920లో బెర్లిన్‌లో విడుదలైంది. రాబర్ట్ వీనే దర్శకుడు. దాని కళాదర్శకులు హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ విచిత్రమైన పని చేశారు. వంకర గోడలు, ఒరిగిన కిటికీలు కట్టడమే కాకుండా, నీడలను కూడా గుడ్డల మీద, చెక్కల మీద రంగుతో పూశారు. దీపం వేసిన నీడ కదులుతుంది, పూసిన నీడ కదలదు. చూసేవాడికి లోకం ఎక్కడో పట్టు తప్పినట్టు అనిపిస్తుంది. లేపాక్షి చిత్రకారుడు నీడను వదిలేశాడు, బెర్లిన్ వాళ్లు నీడను గోడకు అంటించేశారు. ఇద్దరూ కెమెరాలాంటి నిజాన్ని పక్కన పెట్టి గీత చేతికి పెత్తనం ఇచ్చారు. ఆ జర్మన్ బడినుంచి మన దేశానికి ఒక దారి ఉంది. హిమాంశు రాయ్‌తో బొంబాయి వచ్చిన జోసెఫ్ వీర్షింగ్ అనే కెమెరామన్ 1949లో కమాల్ అమ్రోహీ 'మహల్'కు పని చేశాడు. ఆ దీపపు కుందెలు, ఊగే ఊయల, సగం వెలుగులో మధుబాల ముఖం, ఇవన్నీ మన దెయ్యాల సినిమాలకు ఓనమాలయ్యాయి. మద్రాసు దారి వేరు. అక్కడ 'స్వర్గసీమ' కాలం నుంచి తెలుగు సినిమాకు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ ఉన్నాడు. 'మాయాబజార్'లో ఆయన పట్టిన వెన్నెల గురించి అందరూ చెప్పుకుంటారు కానీ, 'పాతాళ భైరవి'లో ఆయన పట్టిన చీకటి గురించి ఎవరూ చెప్పుకోరు. నాకు చీకటే గొప్పగా అనిపిస్తుంది. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ వేసిన ఆ గుహ సెట్టులో పెద్ద విగ్రహం, దాని పాదాల దగ్గర చీమల్లా మనుషులు. లేపాక్షి కప్పు మీద వీరభద్రుడికీ, అన్నదమ్ములకీ మధ్య ఉన్న కొలతే ఇదీ.

'పాతాళ భైరవి' దర్శకుడు కె.వి. రెడ్డి పుట్టింది ఈ సీమలోని తాడిపత్రిలోనే. ఇది చెప్పగానే, అయితే ఆయన లేపాక్షి చూసి ఈ సినిమా తీశాడంటారా అని అడగవచ్చు. నేను ఆ మాట అనడం లేదు. ఆ సినిమా కథకు కాశీమజిలీ కథలనూ, అల్లావుద్దీన్ దీపాన్నీ మూలాలుగా చెబుతారు, ఈ గుడిని ఎవరూ చెప్పరు. నేను అనేది ఇంకొంచెం సాదా విషయం. ఈ ప్రాంతపు ప్రేక్షకుడి కంటికి అలాంటి బొమ్మ కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును అద్దంలా పలుచబరిచి, రంగులు వేసి, నగలున్నచోటల్లా చిన్న చిన్న తూట్లు పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ తూట్లు వజ్రాల్లా మెరుస్తాయి. రావణుడి బొమ్మను తెరకు అంటిస్తే అంచులు పదునుగా ఉంటాయి, కొంచెం వెనక్కి దీపం దగ్గరికి లాగితే పెరిగి మసకబారి మీదికొస్తున్నట్టు ఉంటుంది. దగ్గరి షాటూ దూరపు షాటూ ఒక్క మణికట్టు కదలికతో వచ్చేస్తాయి. అంతలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతులాడి నవ్విస్తారు. 'పాతాళ భైరవి'లో కథానాయకుడి తోడు అంజిగాడు, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు చేసే పని అచ్చంగా అదే. భయానికి మధ్యలో నవ్వు పెడితే భయం పలచబడుతుందని పుస్తకాలు చెబుతాయి. కానీ తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగేది. మధ్యలో నవ్వు లేకుండా అంతసేపు జనాన్ని కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదని ఆ ఆటగాళ్లకు తెలుసు.

మరో ప్రశ్న ఉంది, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, చెనక్కాయ పంట పూతకొచ్చే వేళకు ఆకాశం మొహం చాటేసే చోట, బోరు వేస్తే నీళ్లకు బదులు దుమ్ము లేచే చోట, జనానికి ఉన్న భయాలు చాలవా? డబ్బులిచ్చి మరీ ఇంకో భయం కొనుక్కోవడం దేనికి? నాకు తోచిన జవాబు ఇది. కరువు భయానికి మొహం లేదు. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని వేలెత్తి చూపలేం, తిట్టలేం, కొట్టలేం. మాంత్రికుడి భయానికి మొహం ఉంది, గడ్డం ఉంది, మూడు గంటల గడువు ఉంది. పైగా ఆ సినిమా ఒక తమాషా చేస్తుంది. మాంత్రికుడి ఓటమిని వాడి గడ్డంతోనే ముడిపెడుతుంది. రాకుమారి మెచ్చుకుంటుందని మాయమాటలు చెప్పి అంజిగాడు ఆ గడ్డం తీయించగానే వాడి పని అయిపోతుంది. ఏ గీతవల్ల వాడు భయంకరుడయ్యాడో ఆ గీత చెరిపేస్తే వాడు మామూలు మనిషి. వేషంలోనే శక్తి ఉందని సినిమా తన నోటితో తానే ఒప్పుకున్నట్టు ఇది. కాకపోతే ఈ వాదాన్ని నేను మరీ సాగదీయను. కోనసీమలో, కాలువల కింద మూడు కార్లు పండే ఊళ్లలో కూడా ఆ సినిమా అంతే ఆడింది. కరువు ఒక్కటే కారణమైతే అక్కడ ఆడకూడదు.

ఇప్పటి పిల్లలు దీన్ని చూసి భయపడరు, నవ్వుతారు, మీరు పాతకాలపు మమకారంతో మాట్లాడుతున్నారు అనేది తర్వాతి విమర్శ. పిల్లలు ఉలిక్కిపడరన్న మాట వాస్తవం. చప్పుడు చేసి ఉలిక్కిపడేట్టు చేయడం ఈ సినిమాకు రాదు, చేతకాదు కూడా. కానీ ఉలికిపాటు ఒంటికి సంబంధించింది, రెండోసారికి సగమైపోతుంది, మూడోసారికి ఉండనే ఉండదు. ఇంతసేపూ నేను మాట్లాడుతున్న భయానకం మూడోసారి చూసినప్పుడు ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే అప్పటికి కథ మీద ధ్యాస తగ్గి కన్ను బొమ్మమీద నిలుస్తుంది. మమకారం మాటకొస్తే, ఆ సినిమా వచ్చినప్పటికి పుట్టనివాళ్లే ఇవాళ దాన్ని ఎక్కువగా చూస్తున్నారు, వాళ్లకు గుర్తు తెచ్చుకోవడానికి ఏ కాలమూ లేదు. ఇక రూపం అంటే మాంత్రికుడి వేషభాషలే అనుకుంటే పొరపాటు. 1992లో రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. అందులో కొమ్ములు, కోరలు ఉన్న శాల్తీ ఏదీ రాదు. తేజ పట్టిన కెమెరా ఖాళీ దారుల్లో, ఇంటి మూలల్లో ఎవరిదో చూపులా తిరుగుతుంటుంది, రేవతి ముఖం మీద ఆగుతుంది, అంతే. భయపెట్టే వేషం లేకపోయినా భయపెట్టే చూపు ఉంది. అక్కడ కెమెరా నడకే రూపం. అది కూడా ఇవాళ పాత సినిమానే, దాన్నీ జనం మళ్లీ చూస్తున్నారు.

మాంత్రికుల సినిమాలు మూఢనమ్మకాలను పెంచుతాయన్న అభ్యంతరం వీటన్నిటికంటే బరువైంది. చేతబడి చేశారన్న అనుమానంతో తెలుగు నేలమీద మనుషులను కొట్టారు, చంపారు కూడా. అలాంటిచోట మాంత్రికుణ్ణి అందంగా చూపించడం ఏం న్యాయం అని అడిగితే సమాధానం చెప్పాల్సిందే. నేను చూసేది ఒక్కటే. భయం ఎవరి బట్టలు వేసుకుని వచ్చింది? నేపాళ మాంత్రికుడు పక్కవీధిలో ఉండేవాడిలా కనిపించడు. వాడు వేషమని పసిపిల్లాడికి కూడా తెలుసు. వాణ్ణి చూసి ఊళ్లో ఏ ముసలమ్మనూ ఎవరూ అనుమానించరు. 1980ల తొలినాళ్లలో యండమూరి నవల 'తులసిదళం' వారపత్రికలో వచ్చినప్పుడు పెద్ద దుమారం రేగింది, మూఢనమ్మకాలను పెంచుతోందని హేతువాదులు విరుచుకుపడ్డారు. అందులో చేతబడి మామూలు మధ్యతరగతి ఇంట్లోకి, డాక్టర్లు, ఆస్పత్రుల మధ్యకు వచ్చింది. నిజంలా కనిపించాలని పడిన పాటే దాని బలం, దాని ప్రమాదమూ అదే. శైలి అనేది ప్రేక్షకుడికీ భయానికీ మధ్య ఒక అరుగు కడుతుంది. ఆ అరుగు లేని భయమే ఇంట్లోకి దూరుతుంది. 'రాత్రి' లాంటి సినిమాను ఈ లెక్కన ఎటు వేయాలంటే నాకూ కొంత ఇబ్బందే, అది కూడా మామూలు ఇంట్లోనే జరుగుతుంది, మంత్రగాణ్ణి కూడా తెస్తుంది. కాకపోతే అది ఎవరి మీదా వేలు చూపించి, వీరే చేశారు, వీరిని పట్టుకోండి అని చెప్పదు.

రేడియోవాళ్లకు నా వాదం మీద ఒక సొంత ఫిర్యాదు ఉండొచ్చు. ఒకప్పుడు ఆకాశవాణిలో 'సంక్షిప్త శబ్దచిత్రం' అని వచ్చేది. సినిమాను గంటలోకి కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. ఊరంతా రేడియో చుట్టూ చేరి సినిమా విన్నది. ఆకర్షణంతా బొమ్మలోనే ఉంటే, బొమ్మే లేని చోట జనం ఎందుకు కూర్చున్నారు? ఈ ఫిర్యాదుకు నేను సగం లొంగుతాను. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ మాటలు, రంగారావు వాటిని పలికిన తీరు చెవిలో కూడా ఒక ఆకారాన్ని కడతాయి. 'డింభకా' అన్న ఒక్క పిలుపులో గడ్డం నిమురుకునే చెయ్యి కూడా వినిపిస్తుంది. మాట మాటకూ మధ్య ఆయన వదిలే ఖాళీ, లేపాక్షి చిత్రకారుడి నల్లగీతలాంటిదే, అది లేకపోతే మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి శైలి అంటే కంటికి కనిపించేది మాత్రమే అన్న మాటను నేను సవరించుకుంటున్నాను. కొలత తెలిసి చేసిన ఏ పనైనా శైలే, అది వెలుగులో కావచ్చు, గొంతులో కావచ్చు.

అయితే కంటికి కనిపించేదాని విషయంలో ఒక నష్టం జరుగుతోంది. 2010లో 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేశారు, జనం బాగానే చూశారు. ఆ సినిమా పెళ్లి సందడి, విందు, వినోదం కాబట్టి రంగు దానికి పెద్దగా అడ్డు రాలేదనే అనుకుందాం. అదే పని 'పాతాళ భైరవి'కి చేయాలని ఎవరైనా పూనుకుంటే, మాంత్రికుడి అంగీకి ఏ రంగు వేస్తారు? ఏ రంగు వేసినా అది ఒక దుకాణంలో దొరికే గుడ్డ అయిపోతుంది. నలుపు తెలుపుల్లో అది గుడ్డ కాదు, ఆకారం. రంగుల మాట అటుంచితే, ఇవాళ చాలామంది ఆ సినిమాను చూస్తున్నది ఫోన్లలో, ప్రతి ప్రతికీ వెలిసిపోయిన నకళ్లలో. వాటిలో బార్ట్‌లీ పెట్టిన నలుపు బూడిదరంగులోకి దిగిపోయింది. గుహ మూలలన్నీ తెల్లబారి, అక్కడ దాక్కున్నదేమీ లేదని తేలిపోయింది. అది చూసి 'ఇందులో ఏముంది?' అన్న కుర్రాణ్ణి నేను తప్పు పట్టను, వాడు ఆ సినిమా చూడనే లేదు. లేపాక్షి కప్పుకు పురావస్తు శాఖ కాపలా ఉంది, 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఆ గుడి పేరు చేరింది. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. సినిమాలో నలుపు ఎంత నల్లగా ఉండాలో చూసి కాపాడటానికి కూడా అలాంటి కాపలా కావాలి. నెగెటివ్ ఎక్కడుందో వెతికి, దాన్నుంచి శ్రద్ధగా ఒక ప్రతి తీసి, చీకటి హాల్లో పెద్ద తెరమీద వేసి చూపించాలి. హిందూపురంలోనో అనంతపురంలోనో అలాంటి ఒక్క ఆట వేస్తే, ఆ నవ్వే పిల్లలను కూడా ముందు వరసలో కూర్చోబెట్టి, నా వాదం నిలుస్తుందో లేదో అక్కడే తేల్చుకోవచ్చు.